తల్లి పలక

మద్దిలేటి పంచె పిండాడు. ఒక్క చుక్క రాలేదు.

మళ్లీ మెలిపెట్టి, పళ్లు బిగించి పిండాడు. ఆ పాత తెల్ల పంచె రాత్రంతా శనగ చేను మీద పరిచి ఉంది. మామూలుగా అయితే తెల్లారేసరికి మంచుకీ, శనగాకు మీద ఊరే పులుపుకీ తడిసి ముద్దయ్యేది. పిండితే చెంబు నిండేది. కడుపునొప్పికీ అజీర్తికీ ఆ శనగ పులుసును మించిన మందు లేదని గువ్వలదిన్నెలో అందరి నమ్మకం. నంద్యాల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నాగరత్నదీ అదే నమ్మకం. అందుకే ప్రతి చలికాలం తమ్ముడి చేనుకి వచ్చి ఒక సీసా నింపుకుని పోయేది.

ఈసారి ఖాళీ సీసాతో గట్టు మీద నిలబడిపోయింది.

"రాత్రి పరవడం మర్చిపోయినావేందిరా?" అంది నవ్వుతూ.

మద్దిలేటి నవ్వలేదు. పంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎండలో ఆరేసి తీసినట్టు గరగరలాడుతోంది.

"ఆ రెండో స్తంభం లేచినకాడ్నించీ ఇంతేనక్కా. ఆకు మీద యేలు పెట్టి సూడు."

ఆమె వంగి ఒక ఆకుని వేలితో రాసి నాలుకకి తగిలించుకుంది. పులుపు లేదు. ఆకు అంచులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నల్లరేగడిలో విత్తనం పడ్డాక శనగకి వాన అక్కర్లేదు. నేలలో మిగిలిన పదునూ, రాత్రి మంచూ ఉంటే చాలు. ఆ మంచు కూడా లేకపోతే ఊరంతా ఈ ఏడు చేతులు కడుక్కోవాల్సిందే.

"మబ్బు పట్టిందేమో. మబ్బుంటే మంచు పడదు."

"యాడుందక్కా మబ్బు? ఆకాశం అద్దం మాదిరి ఉండాది."

నిజమే. తూర్పున ఎర్రబడుతున్న ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. ఆ ఎరుపుకి అడ్డంగా, చేలకు అవతల దిబ్బ మీద, రెండు స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఒకటి తాటిచెట్టంత. రెండోది దానికి మూడింతలు. రెండింటి ఒంటి నిండా నీలి రంగు పలకలు. కింద బోర్డు మీద 'ఆవాహన' అని రాసి ఉంది. గాలిలోని తడిని పట్టి మంచినీళ్లు తీసే కంపెనీ. అందులో నాగరత్నకి చిన్న వాటా ఉంది. చిన్నదే గానీ అందరికంటే మొదటిది.

ఆ దిబ్బని కంపెనీకి కౌలుకి ఇమ్మని మద్దిలేటికి చెప్పింది కూడా ఆమే.

దిబ్బ వైపు నుంచి మద్దిలేటి భార్య పుల్లమ్మ వస్తోంది. స్తంభాల పలకలు కడిగే పని ఆమెది. ముఖానికి పెద్ద నల్లద్దాలు.

"ఏం వదినా, కంపెనీ వాళ్లు ఇచ్చిన అద్దాలు. సినిమాదాని మాదిరి లేనూ?"

"తీసి చూపించు."

పుల్లమ్మ అద్దాలు తీసింది. నాగరత్న నవ్వు ఆగిపోయింది. రెండు కళ్లూ ఎండుమిరపకాయల్లా ఉన్నాయి. కుడి కంటి నల్లగుడ్డు మీద పాలపొరలాంటి మచ్చ.

"ఎన్నాళ్లనుంచీ?"

"కొన్నాళ్లాయ. మంట అంతే. ఇంకో వింత చెప్పాల్నా? మొన్న కూరకు ఎర్రగడ్డలు తరిగినా. గంపెడు. ఒక్క చుక్క కన్నీళ్లు రాలా! పోనీలే, మంచిదే అయిందనుకున్యా." పుల్లమ్మ పగిలిన పెదాలతో నవ్వింది. పెదవి చిట్లి సన్నగా రక్తం వచ్చింది. "ఊళ్లో అందరికీ ఇంతే వదినా. పెదాలకు పూసేసరికి నెయ్యి కూరల్లోకి మిగల్డం ల్యా."

నాగరత్న చేతిలోని పొడి పంచె వైపు చూసింది. పుల్లమ్మ కళ్ల వైపు చూసింది. ఒక తడి కర్చీఫ్ ఆమె జ్ఞాపకంలో రెపరెపలాడింది.

*

మూడేళ్ల కిందట, కాలేజీ ల్యాబ్‌లో.

కిరీటి ఆమె దగ్గర చదువుకున్న పిల్లల్లోకెల్లా చురుకైనవాడు. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఉద్యోగం వదిలేసి, పాత ల్యాబ్‌లో పాత కరెంటు పొయ్యి వాడుకుంటానని తిరిగొచ్చాడు. ఒకనాడు కరెంటు పోయి పొయ్యి తన ఇష్టం వచ్చినట్టు నెమ్మదిగా చల్లారింది. తెరిచి చూస్తే అరచేయంత నీలి పలక. అలాంటిది ఇంకోటి చేద్దామని వాడు ఏడాది కష్టపడ్డాడు. కుదరలేదు. కానీ ఆ పలక ముక్క ఒకటి గిల్లి కొత్త ద్రావణంలో వేస్తే, పాలల్లో తోడు వేసినట్టు, కొత్త పలక పేరుకునేది. ఆ పిల్ల పలకల్లోంచి ముక్క తీసి తోడు వేస్తే మాత్రం పేరుకునేది కాదు. అందుకని మొదటిదానికి వాడు తల్లి పలక అని పేరు పెట్టాడు. పిల్ల పలకలు ఒక్క ఏడే పనిచేసేవి. తర్వాత మళ్లీ తల్లి దగ్గరికి రావాల్సిందే.

స్టాఫ్ అందరి ముందూ వాడు పలకని బల్ల ఒక కొసన పెట్టి చిన్న బ్యాటరీ తగిలించాడు.

"ఇది కూస్తుంది మేడమ్. మన చెవికి వినపడదు. గాల్లో తడికి వినపడుతుంది."

నాగరత్నని కర్చీఫ్ అడిగి తీసుకుని కుళాయి కింద తడిపి, ల్యాబ్ రెండో కొసన కిటికీకి కట్టాడు. అందరూ టీ తాగడం అయ్యేసరికి పలక చెమట పట్టి, బొట్లు బొట్లుగా కింద బీకరులోకి కారింది. ప్రిన్సిపాల్ తాగి చూసి ఆహా అన్నాడు. అప్పుడు కిరీటి గారడీవాడిలా కిటికీ దగ్గరికి వెళ్లి కర్చీఫ్ లాగి గాల్లో విదిలించాడు.

పొడిగా ఉంది!

ల్యాబ్ చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది నాగరత్న.

ఆ సాయంత్రం వాడు ఆమె ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. "పెద్ద పెట్టుబడిదార్లు ముందు ఇంకెవరైనా పెట్టాక రమ్మంటున్నారు మేడమ్. మొదటి మనిషి కావాలి. పోతే పోయిందనుకునే డబ్బే పెట్టండి. ఇలాంటి కంపెనీల్లో పదింటిలో తొమ్మిది మునుగుతాయి. మీకు అబద్ధం చెప్పను."

"డబ్బు పోతే పోయింది. నువ్వు పాడైపోకుండా చూసుకో నాయనా," అంది ఆమె.

ఇంటి స్థలానికని దాచుకున్న డబ్బు ఇచ్చింది. వాడు స్టాంపు కాయితం మీద తనే రాసిచ్చాడు. తల్లి పలక మేడమ్ గారి సొంతం. మేడమ్ గారి ల్యాబ్‌లోనే ఉంటుంది. ముక్క తియ్యాలంటే మేడమ్ సంతకం కావాలి. రికార్డు బుక్కు మీద మాస్టారి సంతకం లేనిదే ప్రయోగం పూర్తి కాదని నమ్మే పిల్లవాడి రాత అది. హైదరాబాదులో ఎవరైనా కాజేస్తారని భయం కూడా.

ఆమె చాలా ప్రశ్నలు అడిగింది. నీళ్లు శుభ్రమా, కరెంటు ఎంత తింటుంది, ఎన్ని లీటర్లొస్తాయి. ఆ నీళ్లు ఎవరివని మాత్రం అడగలేదు.

పోయిన చలికాలం మొదటి స్తంభం మద్దిలేటి చేను పక్కనే లేచింది. నెల తిరక్కుండానే పలకలు తెల్లబడి పొరలుగా రాలిపోయాయి. కిరీటి ఏడుపు ముఖంతో ఒక ముక్క తెచ్చాడు. నాగరత్న రెండు రోజుల్లో సంగతి తేల్చేసింది. శనగాకు మీది పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. అది పలకలోని లోహాన్ని పీకేస్తుంది. లోహం పోతే పలక ఒట్టి సుద్ద.

"శనగ పులుసు ఒక గిన్నెడు పోస్తే తల్లి పలక కూడా చచ్చిపోతుంది. జాగ్రత్త. స్తంభాన్ని చేలకి దూరంగా పెట్టు," అని సలహా ఇచ్చింది.

వాడు విన్నాడు. మొదటిదాన్ని దూరంగా దిబ్బ మీదికి మార్చి, పక్కన ఇంకా పెద్దది లేపాడు. దూరం నుంచి తడి లాగాలి గనక కూత బలం పెంచాడు. ఎంత పెంచాడో ఆమె అడగలేదు.

*

కర్నూల్లో కంటి డాక్టరు పుల్లమ్మ కింది రెప్పలో సన్నటి కాయితం ముక్క దూర్చి కళ్లు మూసుకోమన్నాడు. కన్నీరు ఎంత ఊరుతుందో ఆ కాయితం తడిసినదాన్ని బట్టి తెలుస్తుంది. కాసేపటికి తీసి చూసి, వేరే కాయితం పెట్టాడు. రెండోదీ పెట్టినట్టే పొడిగా బయటికి వచ్చింది.

"ఈమె ఏం పని చేస్తారండీ? ఇటుకల బట్టీయా?"

"నీళ్ల కంపెనీ," అంది పుల్లమ్మ.

డాక్టరుకి అర్థం కాలేదు. నాగరత్నని పక్కకి పిలిచి చెప్పాడు. కుడి కన్ను నల్లగుడ్డు ఎండి చీలింది. ఆ చూపు ఇక రాదు. ఎడమది కూడా అదే దారిలో ఉంది. ఆ చోటు వదిలేస్తే దాన్ని నిలుపుకోవచ్చు.

బయట బెంచీ మీద పుల్లమ్మ కట్టు కట్టించుకుని కూర్చుంది. "వదినా, నిజం చెప్పు. పోయినట్టేనా?"

నాగరత్న తల ఊపింది.

పుల్లమ్మ ముఖం ముడుచుకుంది. భుజాలు అదిరాయి. గొంతులోంచి ఏడుపు శబ్దం వచ్చింది. బుగ్గల మీద మాత్రం ఏమీ కారలేదు. "సూడు, ఏడుద్దామన్నా కుదరల్యా," అంది కాస్త తేరుకుని.

నాగరత్న గబగబా మెట్లు దిగి వెళ్లి కిరీటికి ఫోన్ చేసింది.

"అయ్యో మేడమ్, ఇప్పుడు అందరికీ కళ్లు పొడిబారుతున్నాయి. రోజంతా ఫోన్లు చూస్తారు కదా."

"పుల్లమ్మది బటన్ ఫోనురా!"

వాడు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"చేలో మంచు లేదు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. స్తంభాలు ఆపు. ఈ రోజే ఆపు."

"ఆపలేను మేడమ్. శుక్రవారం కొనేవాళ్లు సైటుకి వస్తున్నారు. కంపెనీ మొత్తం కొంటారు. రాయలసీమ అంతా స్తంభాలే. మీ వాటా ఎంత అవుతుందో తెలుసా? ఇంటి స్థలం కాదు, వీధి కొనుక్కోవచ్చు. మీరు కూడా రండి. మొదట నమ్మింది మీరని వాళ్లకి చెప్పాను."

"వస్తాను," అంది నాగరత్న. "తప్పకుండా వస్తాను."

పుల్లమ్మని ఆ రోజే నంద్యాలలో తన ఇంటికి తీసుకుపోయింది.

*

శుక్రవారం దిబ్బ మీద షామియానా వేశారు. స్టీలు గ్లాసుల్లో గాలినీళ్లు. బెంగళూరు నుంచి వచ్చిన నీళ్ల కంపెనీ తరఫున మాలతీ రావు అనే ఆవిడ ముందు వరసలో కూర్చుంది. సన్నగా, నీటుగా, ఎవరు మాట్లాడినా పూర్తిగా వినే మనిషి. కిరీటి కొత్త కోటు తొడుక్కుని తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. నీళ్ల లారీల కోసం బిందెలతో కొట్టుకునే ఆడవాళ్ల బొమ్మలు. ఇక ఈ కష్టాలుండవన్నాడు. వాడి గొంతు వణికింది. అది నటన కాదు. అందుకే నాగరత్నకి మరింత మండింది.

వాడు మాట్లాడటం మొదలుపెట్టక ముందే ఆమె, మద్దిలేటీ చేలో ఒక పని పూర్తి చేసి వచ్చారు. బోరు నీళ్లలో ముంచిన పంచెని నీళ్లు కారుతుండగానే నాలుగు గుంజలకు కట్టారు. దిబ్బకి అరమైలు దూరంలో, నీడ పట్టున.

కిరీటి ముగించి, ప్రశ్నలుంటే అడగండి అన్నాడు. నాగరత్న లేచింది.

"ప్రశ్న లేదు. ఒక ప్రయోగం ఉంది. ఆ చేను దాకా నడవాలి. కిరీటికి బాగా తెలిసిన ప్రయోగమే."

కిరీటి ముఖం మాడిపోయింది. మాలతీ రావు మాత్రం చెప్పులు సర్దుకుని వెంటనే లేచింది. అందరూ గట్ల వెంట నడిచారు. నాగరత్న గుంజల నుంచి పంచె ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది మీరు కూర్చునే ముందు నీళ్లు కారుతూ ఉండింది. ఇప్పుడు చూడండి. ఈ శనగాకుని చూడండి. దీని మంచు ఆ స్తంభం తాగేసింది. ఆ పలకలు కడిగే మా మరదలి కన్నీళ్లు తాగేసింది. ఆమెకి కుడి కన్ను పోయింది. మీకు ఇప్పుడే కళ్లు మండటం లేదూ?"

మాలతీ రావు అప్పటికే రెండుసార్లు కళ్లు నులుముకుంది. పంచెని వేళ్ల మధ్య నలిపి చూసింది. స్తంభం వైపు చూసి, మళ్లీ పంచె వైపు చూసింది. తర్వాత కిరీటి వైపు తిరిగింది.

"ఇంత దూరమా? మీరు చెప్పినదానికి ఇది ఎన్నో రెట్లు!"

కిరీటి నీళ్లు నమిలాడు. "అంటే మేడమ్... చుట్టుపక్కల కొంచెం..."

నాగరత్న గుండె తేలికపడింది. అయిపోయింది, ఈ మనిషి ఇప్పుడు కారెక్కి వెళ్లిపోతుంది అనుకుంది.

మాలతీ రావు నవ్వింది. "ఈ సంగతి దాచడమేంటండీ మీరు? దీన్నే మొదటి బొమ్మలో పెట్టాలి! ఇంత దూరం లాగితే మనం లెక్క వేసిన స్తంభాల్లో సగం చాలు."

నాగరత్న చేల అవతలి ఇళ్ల వైపు చెయ్యి చూపించింది.

"ఈ ఊళ్లు?" అంది నాగరత్న.

"ఊళ్లకి మనమే నీళ్లిస్తాం కదండీ. కనెక్షన్ తీసుకుంటారు. పొలాలకి కూడా. ఇప్పటిదాకా ఇక్కడ నీళ్లు కొనేవాళ్లు లేరేమోనని మా వాళ్లకి ఒక అనుమానం ఉండేది. అదీ తీరిపోయింది."

"వాళ్ల నీళ్లు వాళ్లకే అమ్ముతారా?"

"గాల్లో ఉన్నది ఎవరిదీ కాదు. ఫలానావాళ్లదని ఏ చట్టంలో ఉందో చూపించండి. మీ మరదలి గారికి మా తరఫున వైద్యం చేయిస్తాం. అద్దాలు ఇంకా మంచివి ఇవ్వాలి, రాసుకోండి కిరీటీ."

మద్దిలేటి పిడికిళ్లు బిగించి ముందుకి వచ్చాడు. "అద్దాలా? మా ఇంటిదాని కన్ను పోతే అద్దాలిస్తావా? నీ కారద్దాలు నిలుస్తాయేమో సూసుకో ముందు!"

నాగరత్న వాడి రెక్క పట్టుకుని ఆపింది. ఆవిడ కారెక్కాక కిరీటిని గట్టు మీద నిలదీసింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మేడమ్, పెద్ద పనిలో మొదట్లో కొంత..."

"ఎప్పటినుంచి?"

వాడి ముఖం ఎర్రబడింది. "మీకెప్పటినుంచి తెలుసో నాకూ అప్పటినుంచే! మీ కర్చీఫ్ ఆరింది. దాచానా? అందరి ముందూ విదిలించి చూపించాను. చప్పట్లు కొట్టింది మీరు కాదూ? స్తంభం దూరంగా పెట్టు అన్నది ఎవరు? ఇప్పుడు అందరూ నన్నే అంటే ఎలా?"

చెంపదెబ్బ కొట్టాలని లేచిన చెయ్యి సగంలో ఆగింది. వాడన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెని కాల్చేసింది.

కిరీటి గొంతు తగ్గించాడు. "ఆవిడ రేపు తల్లి పలకని తీసుకుపోతుంది. అది లేకపోతే కొనరు. మీ సంతకం కావాలి. కాదంటే లాయర్లు వస్తారు, ఏడాదో రెండేళ్లో లాగుతారు, చివరికి వాళ్లే గెలుస్తారు. మీకు రూపాయి రాదు. నా మాట వినండి మేడమ్. ఇచ్చేయండి."

నాగరత్న వంగి ముడుచుకున్న శనగాకు ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపింది.

"రేపు ల్యాబ్‌కి రండి ఇద్దరూ," అంది. "నీ తల్లి పలక నీ ముందే పెడతాను."

కిరీటి చేతులు జోడించి పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. మద్దిలేటి ఆమె వైపు చూసిన చూపులో అసహ్యం ఉంది.

"ఇచ్చేస్తావా అక్కా? డబ్బు కోసరమా?"

"మన ఇంట్లో పోయినేటి పులుసు ఎంత మిగిలింది?"

"ఏంటికి?"

"ఎంత మిగిలిందిరా?"

"అర సీసా. పుల్లమ్మ గూట్లో పెట్టింది."

"చాలదు. ఊళ్లో అడుగు."

మద్దిలేటి నోరు తెరిచాడు. పోయినేడు పలకలు రాలిపోయిన సంగతి గుర్తొచ్చింది. అసహ్యం మెల్లగా కరిగి ముఖం మీద ఇంకేదో వచ్చింది. బకెట్టు తీసుకుని ఊళ్లోకి పరిగెత్తాడు. ఇంటింటా గూళ్లలో, ఉట్ల మీద, మందు సీసాల్లో దాచుకున్న అడుగూబొడుగూ పులుసంతా ఆ పొద్దు గూకేలోగా అతని బకెట్టులోకి చేరింది.

"ఎవరికి మద్దిలేటీ అంత అజీర్తి?" అని అడిగింది ఒక ముసలామె, తన సీసా ఒంపుతూ.

"మా అక్క కంపెనీకవ్వా. ఊరంతా మింగింది, అరగల్యా."

*

శనివారం ప్రాక్టికల్స్ అయిపోయి పిల్లలు వెళ్లిపోయారు. ల్యాబ్‌లో పొడవాటి బల్ల మీద గాజు జాడీ. లోపల అరచేయంత నీలి పలక. పక్కన మూత బిగించిన నాగరత్న పాత సీసా, దాని నిండా లేత పసుపు నీళ్లు.

మాలతీ రావు కాయితాలు పరిచింది. కిరీటి పెన్ను మూత తీసి అందించాడు. నిన్నటి కోటే, కానీ ముఖం నలిగి ఉంది. నాగరత్న పెన్ను తీసుకోలేదు.

"ముందు ఒక్కసారి పలకని చూడనివ్వు. మూడేళ్లు కాపలా కాశాను," అంది.

జాడీ మూత తీసింది. పలకని రెండు చేతులా ఎత్తి తెల్లటి పింగాణీ పళ్లెంలో పెట్టింది. చల్లగా, నున్నగా ఉంది. కిటికీ వెలుగులో నెమలికంఠంలా మెరిసింది. ఎంత అందంగా ఉంది! ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. ఇది నిజంగా ఎందరెందరి గొంతులు తడపగలిగేది. కిరీటి గొంతు నిన్న ఊరికే వణకలేదు. పదిమందిని కూర్చోబెట్టి, ఎక్కడ పెట్టాలో ఎంత లాగాలో తేల్చుకుని ఉంటే...

"త్వరగా కానిస్తే మాకు ఫ్లైటుంది," అంది మాలతీ రావు.

నాగరత్న సీసా మూత తిప్పింది. పుల్లటి వాసన ల్యాబంతా కమ్ముకుంది. మంచు పడిన తెల్లవారు చేను వాసన.

కిరీటికి ఆ వాసన అందరికంటే ముందు తెలిసింది. "మేడమ్! వద్దు! మేడ..."

బల్ల చుట్టూ తిరిగి దూకాడు. ఆ పొడవాటి బల్ల అడ్డుపడింది. సీసా మొత్తం పళ్లెంలో ఖాళీ అయింది.

చప్పుడేమీ రాలేదు. నీలం ముందు బూడిద రంగుకి తిరిగింది. తర్వాత పాలిపోయింది. అంచులు పొరలుగా విడిపోయాయి. కిరీటి పళ్లెంలో చేతులు పెట్టి పైకెత్తాడు. వేళ్ల మధ్య నుంచి తడి సుద్ద జారిపోయింది.

అంతవరకూ మెల్లగా మాట్లాడిన మాలతీ రావు కేకలేసింది. "ఏం చేశారో తెలుసా మీరు? అది ఎవరి ఆస్తో తెలుసా?"

"నాది," అంది నాగరత్న. "కిరీటి రాసిచ్చాడు. స్టాంపు కాయితం మీద."

"కోర్టుకి లాగుతాం!"

"లాగండి. జడ్జీ గారి ముందు ఒక కర్చీఫ్ తడిపి ఆరేయమంటాను. చప్పట్లు ఎవరు కొడతారో చూద్దాం."

ఆవిడ కాయితాలు దులిపి సంచిలో వేసుకుంది. తలుపు దాటుతూనే ఫోన్‌లో ఎవరితోనో, అయిపోయింది, కొనేది లేదు అని చెప్పడం వినిపించింది. వరండాలో ఆ చెప్పుల చప్పుడు దూరమైంది.

దిబ్బ మీద స్తంభాలు ఈ ఏడు ఇంకా కూస్తాయి. ముందు వాటి కరెంటు పీకించాలి. పోలీసులు, పంచాయతీ, కలెక్టరాఫీసు. కంపెనీలో మొదటి వాటాదారే కంపెనీ మీద కేసు పెట్టాలి. పెడుతుంది. పోయిన డబ్బు గురించి ఆమెకి ఆ క్షణంలో తోచలేదు. తోచినా అది పోతే పోయిందనుకున్న డబ్బే.

కిరీటి స్టూలు మీద కూలబడ్డాడు. తెల్లటి చేతులు ఒళ్లో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కన్నీళ్లు ధారగా కారి గడ్డం మీద నుంచి కొత్త కోటు మీద పడుతున్నాయి. "ఇంకోటి చెయ్యలేను మేడమ్. మీకు తెలుసు. ఎంత ప్రయత్నించానో మీకు తెలుసు. నా బతుకు మొత్తం అదే."

నాగరత్న కొంగుకి దోపుకున్న కర్చీఫ్ తీసి వాడి ముందు పడేసింది. వాడు తీసుకుని ముఖానికి అదుముకున్నాడు. తీసేసరికి అది తడిసి ముద్దయింది.

"చూసుకో," అంది ఆమె. ఆ గొంతులో ఎక్కడా జాలి లేదు. "నీకు వస్తున్నాయి. కన్ను పోయిన రోజు మా పుల్లమ్మకి ఒక్క చుక్క రాలేదు."



ఆమె ఖాళీ సీసాని కుళాయి కింద రెండుసార్లు తొలిచింది. తుడిచి, మూత బిగించి, సంచిలో వేసుకుంది. ఊరందరి పులుసూ అయిపోయింది. వచ్చే చలికాలం మళ్లీ నింపుకోవాలి.